ఆగాకర వేపుడు

ఆదివారం పొద్దున్నే ప్రొద్దుటూరు రైతుబజారుకు పోవడం ఇందుమతికి ఇష్టం. వారమంతా బడిపిల్లల దగ్గర గొంతు పోగొట్టుకునే ఆ టీచరమ్మకు అదే షికారు. కానీ రెండు నెలలుగా సొరకాయ తప్ప ఇంకేదీ సంచిలో వేసుకోవడం లేదు.

అది పులివెందులలో ఉండే చెల్లెలు సింధూ కోసం. పుట్టినప్పటినుంచీ అక్క ఏది తిన్నా ఆ రుచి చెల్లెలి నాలుకకు తగిలేది. ఇంట్లో అదెవరికీ వింత కాదు. సింధూ పెళ్లిచూపుల్లోనే వాళ్లమ్మ చెప్పేసింది: "మా పెద్దది కారం జాస్తి తింటాది. చిన్నదాని పక్కన నీళ్లు పెట్టండమ్మా."

రెండు నెలల కిందట సింధూ భర్త సుధన్వ గుండె ఆగి చనిపోయాడు. ఆమె మాట మానేసింది. అత్త బతిమాలితే ఇంత మజ్జిగ తాగేది. అట్లాంటి మనిషి నోటికి కమ్మటి రుచి పంపడం పాపమని ఇందుమతి కూడా చప్పిడి తిండికి దిగింది.

ఆ ఆదివారం కూరగాయలమ్మే ఖమర్‌బీ తన అంగడి దగ్గరనుంచి కేకేసింది. "టీచరమ్మా, గండి కొండల ఆగాకర! వాన పడినాక ఈ నాలుగు దినాలే. మల్లా యాడ దొరుకుతాయి?"

లేత ముళ్లతో పచ్చగా నిగనిగలాడుతున్నాయి. ధర విని పక్కామె వెనక్కి తిరిగింది. ఇందుమతి తిరగలేకపోయింది.

ఇంటికొచ్చి సన్నగా చక్రాలు తరిగి, కరకరలాడేలా వేయించి, శెనక్కాయల పొడి చల్లింది. వేడన్నంలో కలుపుకుని తింటుంటే ఉన్నట్టుండి చెల్లెలు గుర్తొచ్చింది. ముద్ద నోట్లోనే ఆగిపోయింది. ఉమ్మేయాలనుకుంది. మింగింది. ఇంకో ముద్ద కూడా కలిపింది. అందుకే ఎక్కువ సిగ్గేసింది.

ఫోను మోగింది.

"అక్కా, ఆగాకరేనా?" సింధూ గొంతు బొంగురుపోయి ఉంది. "నాకోసరం తింటాండావా?"

అవునంటే సరిపోయేది. "లేదు సింధూ. ఆశ పట్టలేక తింటి. మొదట నువ్వు గుర్తుకే రాలేదు, వచ్చినాక గూడా తింటి. తప్పయిపాయ."



"అందరూ నాకోసరమే ఏడుస్తాండారు, నాకోసరమే నోరు కట్టుకుంటాండారు. మోయలేకపోతాండానక్కా. నీ సొరకాయకు నా నాలుక సచ్చిపాయ." గొంతు సవరించుకుంది. "రవ్వన్ని కాయలు పెట్టు. వస్తాండా."

సాయంత్రానికి అత్తే ఆమెను బస్సెక్కించి పంపింది. ఇందుమతి మళ్లీ వేయించి, రెండు కంచాలు పెట్టింది. సింధూ ఒకటి పక్కకు జరిపింది.

"నువ్వు కాసేపు ఏమీ తినాకు అక్కా. నా నోటి రుచి ఎట్లుంటాదో నాకు తెలియాల."

ఇందుమతి చేతులు ఒళ్లో పెట్టుకుంది. నోరూరుతుంటే తలొంచుకుని, చెల్లెలు నములుతున్న కరకర చప్పుడు వింటూ కూర్చుంది.