గుమ్మం దగ్గర ఆగినంతసేపు

గోడ గడియారం రెండు కొట్టిన కాసేపటికే, కొట్టు వెనక గోడౌన్లో చింతపండు బుట్టలు చూస్తున్న జోగేశ్వరరావుగారు కిందపడ్డారు. చప్పుడు విని కోడలు కన్యక పరుగెత్తింది. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు ఒక పక్కకి వంగిపోయింది. కుడిచెయ్యి లేవడం లేదు. ఏదో చెప్పబోతున్నారు, మాట కావడం లేదు.

అత్తగారు సంపూర్ణమ్మ భర్త తల ఒళ్ళో పెట్టుకుని కూలబడింది. ఆయన భారీ మనిషి. ఇద్దరాడవాళ్ళు కదిపితే కదిలే శరీరం కాదు. గుమాస్తా చిట్టియ్య సరుకు కోసం పొద్దున్నే భీమవరం వెళ్ళాడు. నరసాపురం బజారంతా తలుపులు దగ్గరగా వేసుకుని కునుకు తీస్తోంది.

"వాణ్ణి పిలుచుకురా అమ్మా," అంది సంపూర్ణమ్మ.

"ఎక్కడున్నారోనండి..."

"నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడా మాటలెందుకు. వెళ్ళు."

మూడేళ్ళుగా ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోని సంగతి అది. కన్యక భర్త నాగేశ్వరప్రసాద్ రోజూ భోజనం కాగానే, గోదావరి దాటించే పంటు మీద వచ్చే సరుకు చూసొస్తానని రేవుకి వెళ్తాడు. నాలుగున్నరకి తమలపాకులు నములుతూ వస్తాడు. అతని చొక్కాలు ఉతికేది కన్యకే. కోడిగుడ్డు కూడా గడప దాటి రాని ఆ ఇంట్లో, ఆ చొక్కాలకి వేయించిన చేపల వాసన. రేవులో తలుపులమ్మ సారాకొట్టు ఉందనీ, పడవలవాళ్ళు అక్కడ తాగి తన్నుకుంటారనీ, పోయిన ఏడు ఒకడికి తల పగిలిందనీ పనిమనిషి చెప్పగా విన్నది. మావగారికి తెలిస్తే ఏమవుతుందోనన్న భయంతోనే ఆ మూడేళ్ళూ గడిపింది.

ఎదురింటివాళ్ళని లేపుదామనుకుంది. లేపితే ప్రసాద్ ఏడీ అని అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి, ఎవర్నీ లేపకుండా గొడుగు తీసుకుని వెనక సందులోంచి బయలుదేరింది.

డెబ్బై ఎనిమిది ఆగస్టు. సన్నటి జల్లు పడుతోంది. వశిష్ఠ గోదావరి ఎర్రగా, గట్టు అంచుదాకా వచ్చి ఉంది. బురదలో చెప్పులు దిగబడుతుంటే చేత్తో పట్టుకుని నడిచింది. ఎవరైనా చూస్తున్నారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగింది.

సారాకొట్టంటే తాటాకుల పాక. లోపల్నించి వస్తున్న గోల వినగానే కన్యక కాళ్ళు ఆగిపోయాయి. ఎవరో బూతులు తిడుతున్నారు. గ్లాసు పగిలిన చప్పుడయింది. తడిక పట్టుకుని లోపలికి చూసింది.

ఇద్దరు మనుషులు ఒకరి గుండెల మీద చొక్కా ఇంకొకరు పట్టుకుని ఉన్నారు. వాళ్ళ మధ్య, పంచె పైకి ఎగ్గట్టి, బల్ల ఎక్కి నిలబడ్డాడు ఆమె భర్త.

"రాముడూ, వదులు. సత్తియ్యా, నువ్వూ వదులు. చిరిగింది వల. ఏ పడవ తగిలి చిరిగిందో ఆ వలనే అడుగుదాం."

"వలెలా మాటాడుద్దండీ పెసాదుగారూ?" అన్నాడు సత్తియ్య, పట్టు వదలకుండానే.

"మాట్లాడదు కదా. ఇక్కడ మాట్లాడుతున్నది సారా. రేపు పొద్దున్న దాని నోరు పడిపోయాక, అప్పుడు మీరిద్దరూ మాట్లాడుకోండి."

పాకంతా ఘొల్లుమంది. రాముడు ముందు వదిలాడు. సత్తియ్య నవ్వాపుకోలేక కింద కూర్చున్నాడు. "షావుకారుగారికి ఇంకో చేపముక్క ఎయ్యి తలుపులమ్మా," అని ఎవరో అరిచారు. ప్రసాద్ దిగలేదు. పంటు టికెట్లవాడు నిండుచూలాలి దగ్గర ఒక టికెట్టు తీసుకోవాలో రెండు తీసుకోవాలో తేల్చుకోలేక ఎలా తికమక పడ్డాడో చేసి చూపించడం మొదలుపెట్టాడు. గొంతు మార్చి, మెడ సాగదీసి.

కన్యక కాపురానికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆ గొంతు ఎప్పుడూ వినలేదు. ఇంట్లో ఎవరైనా కందిపప్పు ధర అడిగితే ప్రసాద్ తండ్రి మొహంకేసి చూస్తాడు. ఆయనే చెబుతారు. కూరలో ఉప్పు తక్కువైందన్నా ఆయనే అనాలి. ఆ మనిషేనా ఈ మనిషి? కాళ్ళు లోపలికి పోవడం లేదు, వెనక్కీ రావడం లేదు. తన పెదాల మీద నవ్వుందని తనకే తెలిసింది. అప్పుడు గోడౌన్ గుర్తొచ్చి తడిక పక్కకి నెట్టింది.

అందరికంటే ముందు తలుపులమ్మ ఆమెని చూసింది. "ఎవరు కావాలమ్మా?"

గోల ఒక్కసారి ఆగిపోయింది. ప్రసాద్ తిరిగి చూశాడు.

"మావయ్యగారు పడిపోయారండి. మాట రావడం లేదు."

అతను బల్ల దిగాడు గాని ఎటు నడవాలో తెలియనట్టు నిలబడిపోయాడు. తలుపులమ్మే అంది. "ఆ బల్ల తియ్యండ్రా. సత్తియ్యా, రాముడూ, ఇంకో ఇద్దరు ఎల్లండి. బేగి ఎల్లండి."

ఇంటికి వెళ్ళి చూస్తే, ఆయన రిక్షాలో కూర్చోగల స్థితిలో లేరు. బల్ల మీదే పడుకోబెట్టి బజారులోంచి ఆసుపత్రికి మోశారు. అప్పుడు అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. అరుగుల మీదకి వచ్చిన జనం చూస్తుండగా, సారా వాసన వేస్తున్న నలుగురి మధ్య జోగేశ్వరరావుగారు వెళ్ళారు. కళ్ళు కొడుకు మీదే ఉన్నాయి. "తప్పుకోండి, దారివ్వండి," అని ప్రసాద్ ముందు అరుస్తూ నడిచాడు.

ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగారు. "ఎన్ని గంటలకి పడ్డారమ్మా?"

"రెండున్నర అయుంటుందండి," అంది కన్యక. సంపూర్ణమ్మ ఆమెకేసి చూసింది.

ప్రాణం నిలిచింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. పన్నెండు రోజుల తరవాత ఇంటికి తెచ్చి, ముందుగదిలో మంచం వేశారు. ప్రసాద్ రేవుకి వెళ్ళడం మానేశాడు. కొట్లో కూర్చుని ధరలు తనే చెబుతున్నాడు, ఇంట్లో ఎప్పుడూ వినబడే ఆ సన్నటి గొంతుతో. కన్యకకి రాత్రింబవళ్ళు ఒకటే ఆలోచన. ఆ తడిక దగ్గర ఎంతసేపు నిలబడింది? రెండు నిమిషాలా, పదిహేనా? ఒక మధ్యాహ్నం ఇక ఆగలేక చెప్పేసింది.

"ఆ రోజు గుమ్మం దగ్గర ఆగిపోయానండి. వెంటనే పిలవలేదు."

"భయపడ్డావా?"

"లేదండి. మీరు మాట్లాడుతుంటే వినాలనిపించింది. డాక్టరుగారికి అబద్ధం చెప్పాను."

"నేను ఇంట్లో ఉంటే నువ్వు రానక్కర్లేకపోయేది," అన్నాడు ప్రసాద్.

దసరా వెళ్ళిన వారానికి సత్తియ్య వచ్చాడు. వీధిలోనే నిలబడి, "నానగారెలా ఉన్నారండీ?" అని అడిగాడు. ఎదురింటి అరుగు మీద ఇద్దరు మాటలాపి చూస్తున్నారు.

"బయటెందుకు, లోపలికి రా సత్తియ్యా," అన్నాడు ప్రసాద్. బజారు సగానికి వినబడేలా అన్నాడు.

సత్తియ్య తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని మంచం దగ్గరకి వచ్చాడు. అతనితోపాటు చేపల వాసనా గదిలోకి వచ్చింది. జోగేశ్వరరావుగారు కళ్ళు తిప్పి అతన్ని చూశారు, తరవాత కొడుకుని. ఎడమచెయ్యి మెల్లగా లేచి గాలిలో రెండుసార్లు ఊగింది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది.

పొమ్మంటున్నారో, కూర్చోమంటున్నారో ఎవరికీ తెలియలేదు. సత్తియ్య వెనక్కి ఒక అడుగు వేశాడు. ప్రసాద్ కన్యకకేసి చూశాడు.

ఆమె లోపలికి వెళ్ళి చాప తెచ్చింది. మావగారి కళ్ళలోకి చూడకుండా, ఆ చాపని మంచం పక్కనే పరిచింది.

"కూర్చో సత్తియ్యా," అంది.