మంగళయాన్‌కు కప్పిన గొంగడి

అనంతగిరి గుట్ట మలుపులో స్కూటీ జారినప్పుడు మల్లికకు పెద్ద దెబ్బ తగిలినట్టే అనిపించలేదు. ఆదివారం వికారాబాద్‌లో అమ్మానాయినల దగ్గర ఉండి, సోమవారం పొద్దున్నే తాండూరుకు డ్యూటీకి బయలుదేరింది. వాన వెలిసిన రోడ్డు మీద కంకర పరుచుకొని ఉంది. పడింది, లేచింది, హెల్మెట్ తీసింది. బండిని లేపుదామని కుడిచెయ్యి చాపబోతే ఆ చెయ్యి మాట వినలేదు. ఎవరి చెయ్యో తెచ్చి తన భుజానికి తగిలించినట్టు వేలాడుతూ ఉండిపోయింది.

ఎముకలేవీ విరగలేదు. మెడ దగ్గరి నుంచి చేతికి పోయే నరాలు సాగి దెబ్బతిన్నాయని హైదరాబాద్ డాక్టరు చెప్పాడు. నరం చాలా నిదానంగా కోలుకుంటుందని, మోచెయ్యి వంగే అవకాశం బాగానే ఉందని, వేళ్ల సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేనని అన్నాడు. మల్లిక తలూపింది. ఆటోలో కూర్చున్నాక గానీ, ఆయన "వేళ్లు" అన్నప్పుడు తను ఆలోచించింది ఉద్యోగం గురించి కాదని ఆమెకే తెలియలేదు.

ఉద్యోగం తాండూరులో, ఒక నాపరాయి ఫ్యాక్టరీలో. మిషన్ రాయి మీద చెక్కాల్సిన లతలు, పువ్వులు, దేవుళ్ల బొమ్మలు కంప్యూటర్‌లో తయారుచేసేది. ఆ పని అయ్యాక రూముకొచ్చి చేసుకునే పని వేరే ఉంది. అంతరిక్షంలోకి పంపిన నౌకలను కంప్యూటర్‌లో కట్టేది. అది బొమ్మ గీసినట్టు కాదు, అచ్చంగా కట్టడమే. దొరికిన ఫొటోలన్నీ ముందేసుకొని, కొలతలు పోల్చుకొని, ఒక్కో బోల్టూ ఒక్కో వైరూ విడిగా చేసి దాని చోట్లో అమర్చేది. పూర్తయ్యాక తెర మీద ఎటు కావాలంటే అటు తిప్పి చూడొచ్చు, పక్క పలక తీసి లోపలికి తొంగిచూడొచ్చు. ఈ పిచ్చి ఉన్నవాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్లంతా కలుసుకునే సైటు ఒకటుంది. పోలండ్‌లో ఒక పళ్ల డాక్టరు, చిలీలో ఒక సంగీతం టీచరు మల్లికకు అక్కడి స్నేహితులే. మంగళయాన్ ఎప్పటికవుతుందని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఈ ప్రమాదం తర్వాత ఆమె ఎవరికీ జవాబు రాయలేదు.

ఫ్యాక్టరీలో తనతోపాటు పనిచేసే అఫ్సర్ ఒకరోజు రైల్లో ఆమె కంప్యూటర్‌ను తాండూరు నుంచి వికారాబాద్ ఇంటికి తీసుకొచ్చాడు. అడక్కుండానే తెచ్చాడు.

"రూముల పడుంటే ఎలుకలు వైర్లు కొరుకుతయ్ మల్లికా. నీ దగ్గరుంటే జర టైంపాస్ అయితది" అన్నాడు.

"ఏ చెయ్యితోని టైంపాస్ చెయ్యాలె అఫ్సర్ భాయ్?" అంది మల్లిక.

అఫ్సర్ కంప్యూటర్‌ను బల్ల మీద పెట్టాడు. చాయ్ తాగి వెళ్లిపోయాడు. తల్లి రుక్కమ్మ ఆ కంప్యూటర్ మీద పాత చీర కప్పింది.

రుక్కమ్మ ఒక హాస్టల్లో వంట చేస్తుంది. పొద్దున పోతే మళ్లీ పొద్దుగూకే వేళకు వస్తుంది. పగలంతా ఇంట్లో ఉండేది మల్లిక, ఆమె తండ్రి చెన్నయ్య. చెన్నయ్యది బంట్వారం దగ్గర ఊరు. బుద్ధి తెలిసినప్పటి నుంచి గొర్రెలు కాసినవాడు. మోకాళ్లు అరిగాక మందను అమ్మి భార్య పని దగ్గరికి, వికారాబాద్‌కు వచ్చేశాడు. మాట తక్కువ మనిషి. కూతురు గోడ వైపు తిరిగి పడుకుంటే, గడప మీద కూర్చొని ఆమె వీపు చూస్తూ ఉండేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయనకు ఏం తోచిందో, లేచి ఆ చీర తీసేశాడు.

"గిది ఎట్ల చాలు జేస్తరు బిడ్డా?"

"ఎందుకు నాయినా?"

"నువ్వు గన్నేండ్ల సంది గీండ్ల ఏం జేస్తున్నవో నేనెన్నడు సూడలే. జర సూపియ్యి."

విసుక్కుంటూనే లేచి ఎడమచేత్తో మీట నొక్కింది. తెర మీద మంగళయాన్ వచ్చింది. పెద్ద పెట్టెలాంటి ఒళ్లు, ఒక పక్క గొడుగులాంటి యాంటెన్నా, ఇంకో పక్క రెక్కలా చాచిన సోలార్ పలకలు. ఒళ్లంతా బూడిదరంగులో బోసిగా ఉంది. దాని మీద కప్పాల్సిన బంగారు రంగు రేకును ఆమె ఇంకా చెయ్యలేదు. అసలు కష్టం ఆ రేకులోనే ఉంది. అది పలుచటిది, వేల ముడతలు పడి ఉంటుంది. ఏ ఒక్క ముడతా ఇంకోదానిలా ఉండదు.

"గిది మనోళ్లు పంపిందేనా?"

"మనోళ్లదే. అంగారకుని దాక పోయింది."

"ఇప్పుడేడుంది?"

"ఆడనే తిరుగుతుండొచ్చు. మూడు నాలుగేండ్ల కింద మాట బందయింది. ఎంత పిలిచినా పలకలేదట."

చెన్నయ్య తెర వైపు చాలాసేపు చూశాడు. "అయితే దాన్ని ఇప్పుడు ఎవలు పిలుస్తలేరా?" అని అడిగాడు. మల్లిక ఆయనకు చూపిద్దామని నౌకను ఎడమచేత్తో తిప్పబోయింది. మౌస్ అటు పోయి ఇటు వచ్చి, యాంటెన్నా ఊడి ఎక్కడో శూన్యంలోకి ఎగిరిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. ఈసారి రెక్క వంకరైంది. మౌస్‌ను బల్ల మీద కొట్టి, తల వంచుకొని ఏడ్చింది. ప్రమాదం జరిగిన తర్వాత నాయిన ముందు ఏడవడం అదే మొదలు.

చెన్నయ్య ఊరడించలేదు. స్టూలు లాక్కొని ఆమె కుడిపక్కన కూర్చున్నాడు.

"నీ కుడిచెయ్యి లేదు. నాది ఖాళీగున్నది. నువ్వు చెప్పు, నేను పట్టుకుంట."

"నీకు రాదు నాయినా."

"రాకుంటే రాదు. సూద్దం."

ఆయనకు నిజంగానే రాలేదు. మౌస్‌ను గొర్రెపిల్లను పట్టినట్టు రెండు చేతులతో పట్టాడు. బాణం గుర్తు పైకి పోవాలంటే మౌస్‌ను గాల్లోకి లేపాడు. నొక్కమంటే బల్ల కదిలేటట్టు నొక్కాడు. మల్లికకు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. అట్లా కొన్ని మధ్యాహ్నాలు గడిచేసరికి ఆయన చేతికి ఆ బరువు తెలిసింది. కీబోర్డు మీద ఆమె ఎడమచెయ్యి, మౌస్ మీద ఆయన కుడిచెయ్యి. ఆమె మీట నొక్కితే ఆయన చుక్కను పట్టుకుంటాడు. "జర దిగువకు, ఇంకింత, ఆగు, ఇడువు" అంటే ఇడుస్తాడు.

అట్లా రేకు పని మొదలైంది. మల్లిక ఫొటో చూపించి, ఈ ముడత ఎక్కడ మొదలై ఎక్కడ చచ్చిపోతుందో చెప్పేది. చెన్నయ్య చుక్కలను ఒక్కొక్కటే లాగేవాడు.

"దీనికి గీ రేకు ఎందుకు కప్పిండ్రు?"

"ఆడ ఎండ తగిలిన దిక్కు కాలిపోతది, తగలని దిక్కు గడ్డకడ్తది. లోపలి మిషన్లు ఖరాబు కాకుండ."

"అట్లనా. గొంగడి అన్నట్టు" అన్నాడు చెన్నయ్య. ఆ రోజు నుంచి ఇద్దరికీ అది గొంగడే. "గొంగడి కుడిమూల అయింది", "గొంగడికి రంధ్రం పెట్టాలె" అని మాట్లాడుకుంటుంటే, పని నుంచి వచ్చిన రుక్కమ్మకు ఇంట్లో ఏం నడుస్తోందో అర్థమయ్యేది కాదు.

"ఒక్క మూలకు ఇన్ని దినాలా? ఎవలు సూస్తరే గింత సన్నగ?" అనేది.

"ఎవలు సూడకుంటె మేం సూస్తం" అనేవాడు చెన్నయ్య.

మల్లిక గోడ వైపు తిరిగి పడుకోవడం మానేసింది. పోలండ్ డాక్టరుకు జవాబు రాసింది, ఆలస్యమైంది గానీ పని నడుస్తోందని. మోచెయ్యి కొద్దిగా వంగడం మొదలైంది. వేళ్లలో మాత్రం చలనం లేదు.

అప్పుడు అఫ్సర్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఎడమచేతివాళ్ల కోసం చేసిన మౌస్ తెచ్చాడు. పక్కన వరుసగా బటన్లున్నాయి. కీబోర్డు మీద నొక్కాల్సినవన్నీ వాటిలోనే పెట్టుకోవచ్చు.

"పిల్లలు కంప్యూటర్ల ఆటలాడే మౌస్ ఇది. దీంతోని ఒక్క చెయ్యితోనే అంతా అయితది. నువ్వు ఎప్పుడొస్తవని మన ఫ్యాక్టరీ సేటు కూడా అడుగుతున్నడు" అన్నాడు.

చెన్నయ్య కూరగాయలకో, పిండి పట్టే చక్కి దగ్గరికో పోయినప్పుడల్లా మల్లిక దానితో సాధన చేసింది. ఆయనకు చెప్పకూడదని కాదు, రాకపోతే మళ్లీ ఆయన ముందు ఏడవాల్సి వస్తుందని. కానీ వచ్చింది. కొద్ది వారాల్లోనే ఎడమచెయ్యి బాగా తిరిగింది. ఒకరోజు పనిలో పడి గుమ్మంలో చెప్పుల చప్పుడు వినలేదు. తలెత్తి చూస్తే చెన్నయ్య చేతిలో పిండి డబ్బాతో నిలబడి ఉన్నాడు. తెర మీద సోలార్ పలకల వైర్లు ఒకదాని వెంట ఒకటి వాటి చోట్లలో కూర్చుంటున్నాయి.

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది నాయినా."

"మంచిగైంది బిడ్డా. మస్తు మంచిగైంది."

ఆయన ముఖంలో సంతోషం అబద్ధం కాదు. పిండి డబ్బా వంటింట్లో పెట్టి, స్టూలును తీసి గోడకు ఆనించి, బయటికి పోయాడు.

ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆయన ఇంట్లో ఉండటం తగ్గింది. బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో కూర్చుంటున్నాడని పక్కింటివాళ్లు చెప్పారు. మల్లిక మొదట పట్టించుకోలేదు. ఎడమచెయ్యి తిరిగిన ఆనందంలో ఆమెకు ఇంకేదీ కనిపించలేదు. రుక్కమ్మే ఒక సాయంత్రం చాటలో కందిపప్పు ఏరుతూ అంది:

"మీ నాయిన మళ్ల గట్లనే అయిండు."

"ఎట్ల?"

"మంద అమ్మిన దినాలల్ల ఉన్నట్టు. బువ్వ తింటడు, పిలిస్తే పలుకుతడు. గంతే."

మల్లిక ఆ మాటకు చేస్తున్న పని ఆపింది. మంద అమ్మినప్పుడు తను తాండూరులో ఉంది. అప్పుడు నాయిన ఎట్లా ఉన్నాడో తనకు తెలియదు, అడగనూ లేదు. ఇప్పుడు ఆయన్ని మళ్లీ స్టూలు మీద కూర్చోబెట్టడం తేలికే. "చెయ్యి నొస్తుంది నాయినా, జర పట్టు" అంటే పరుగెత్తుకొస్తాడు. కానీ అట్లా అనడానికి మనసొప్పలేదు. అబద్ధపు పని ఇస్తే ఆయనకు తెలిసిపోతుంది. ఏ గొర్రె నిజంగా కుంటుతుందో, ఏది గడ్డి కోసం వెనకబడిందో దూరం నుంచే చెప్పగలిగిన మనిషి.

మరునాడు నౌకను మొత్తం తిప్పి తిప్పి చూసింది, సైటులో పెట్టే ముందు ఎప్పుడూ చూసినట్టే. యాంటెన్నా వెనక పక్క ఒకచోట చూపు ఆగింది. రేకు రెండు ముక్కలు కలిసే అతుకు, ఫొటోలో తిన్నగా ఉంది, ఇక్కడ మాత్రం వంకరగా పోయింది. దాని చుట్టూ ముడతలన్నీ ఆ వంకరనే పట్టుకొని పోయాయి. అది చెన్నయ్య చేసిన పక్క. ఆ రోజు తను ఫిజియోథెరపీ నొప్పితో కళ్లు మూసుకొనే మీటలు నొక్కుతుంటే, ఆయన ఒక్కడే ఫొటో చూసుకుంటూ చుక్కలు లాగాడు.

తను సరిచేస్తే ఒక పూట పని. ఆయనకు తెలియను కూడా తెలియదు. అట్లాగే వదిలేస్తే, నాయిన చేసిన గుర్తు అని ముద్దుగా చెప్పుకోవచ్చు. రెండూ ఆమెకు నచ్చలేదు. చాయ్ హోటల్ దాకా నడిచి వెళ్లింది.

"నాయినా, నువ్వు చేసిన పక్క వంకరొచ్చింది."

చెన్నయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఏ పక్క?"

"గొడుగు వెనక. అతుకు."

"నేను సరిగనే చేసిన."

"వచ్చి సూడు."

ఆయన వచ్చి చూశాడు. ఫొటో చూశాడు, తెర చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. ముఖం చిన్నబోయింది.

"నీకు చేసుడొచ్చింది గద. నువ్వే చేసుకోరాదు? నన్నెందుకు పిల్సినవ్?"

"వస్తది. కానీ అది నీ పక్క. ఎవలు చేసింది వాళ్లే సక్క చెయ్యాలె. ఫ్యాక్టరీల గూడ గంతే."

"ముడతలన్ని మళ్ల చెయ్యాలె గద?"

"చెయ్యాలె."

చెన్నయ్య కాసేపు గొణిగాడు. తర్వాత గోడకు ఆనించిన స్టూలు తెచ్చుకున్నాడు. మల్లిక లేచి, తన కుర్చీ ఆయనకిచ్చి తను స్టూలు మీద కూర్చుంది. ఈసారి కీబోర్డు కూడా ఆయనదే. ఏ మీట ఏం చేస్తుందో ఆమె చెబుతుంటే, ఎడమచేతి వేలితో వెతుక్కుంటూ నొక్కాడు. ఒక పూట పని ఆయనకు వారం పట్టింది. మధ్యలో మల్లిక "చాలు నాయినా, బాగానే ఉంది" అంటే, ఆయన ఫొటో వైపు వేలు చూపించి "బాగలేదు" అని ఆమె నోరు మూయించాడు.

మంగళయాన్‌ను సైటులో పెట్టిన రోజు తయారుచేసినవారి పేర్ల దగ్గర రెండు పేర్లు రాసింది. పోలండ్ డాక్టరు రేకును ఎంతో మెచ్చుకున్నాడు. చిలీ టీచరు మాత్రం సోలార్ పలకల కీలు ఒకటి తప్పుందని రాసింది. అది మల్లిక చేసింది.

"సూసినవా, నీది గూడ తప్పు వచ్చింది" అన్నాడు చెన్నయ్య సంబరంగా.

ఎండలు ముదరకముందే మల్లిక మళ్లీ డ్యూటీకి బయలుదేరింది. కుడిచెయ్యి మోచెయ్యి దాకా వచ్చి ఆగింది. వేళ్లు రాకపోవచ్చని డాక్టరు ఈసారి సూటిగానే చెప్పాడు. ఆ మాట వినడానికి ఆమె సిద్ధంగానే ఉంది, అయినా ఇంటికొచ్చి ఒక పూట అన్నం తినలేదు. ఎడమచేత్తో చేసిన డిజైన్లు చూసి సేటు రమ్మన్నాడు. కంప్యూటర్ మోసుకొని చెన్నయ్య వికారాబాద్ స్టేషన్ దాకా వచ్చాడు. రైలెక్కించి దిగిపోతాడనుకుంటే, దిగలేదు.

"నువ్వు ఒక్క చెయ్యితోని వైర్లెట్ల పెట్టుకుంటవ్?" అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

తాండూరు రూములో ఆయనే వంగి వైర్లు పెట్టాడు, ఆయనే మీట నొక్కాడు. బయట రాళ్ల లారీలు పోతుంటే తెర సన్నగా అదురుతోంది.

"ఇప్పుడు ఏం కడ్తం?" అని అడిగాడు.

"చంద్రుని మీద దిగిన ల్యాండర్. నాలుగు కాళ్లుంటయ్ దానికి."

"నాలుగు కాళ్లా?" చెన్నయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "దిగినప్పుడు ముందుకాళ్ల మీద బరువు పడ్డదా, ఎనకకాళ్ల మీదనా?"

మల్లిక ఫొటోలు తెరిచింది. ఆ ప్రశ్నకు జవాబు వాటిలో దొరకలేదు. ఇద్దరూ వెతుకుతుండగానే సాయంత్రం రైలు పోయింది. రుక్కమ్మకు ఫోన్ చేసి, చెన్నయ్య రేపు వస్తాడని చెప్పాల్సి వచ్చింది.