ఉండవలసినవీ పోవలసినవీ

నాలుక మీద మంచు ముక్క.

కరుగుతోంది... కరిగిపోయింది.

"ఇంకొక్కటి పెట్టక్కా."

"ఇప్పుడేగా తిన్నావు!"

"తిన్నానా? నోట్లో పడ్డట్టే లేదు. అబ్బ, ఎంత పిసినారి చెయ్యే నీది!"

మంచం పక్కన యంత్రం తిరుగుతోంది. చెల్లెలి రక్తం ఒక గొట్టంలో వెళ్ళి, ఇంకో గొట్టంలో తిరిగొస్తోంది. దాని కిడ్నీలు పనిచేయడం మానేశాయి. నీళ్ళు కూడా కొలిచి తాగాలి. మిగతా దాహమంతా ఈ మంచు ముక్కలకే.

అక్క స్వెటర్లు అల్లి బతుకుతుంది. అందుకే డాక్టరమ్మ ఆమెకు ఊలుతోనే చెప్పింది. కిడ్నీలో సన్నటి రక్తనాళాలు ఊలుండల్లా చుట్టుకుని ఉంటాయట. కంటికి ఆనని ఉండలు. లక్షల ఉండలు. రక్తం ఒత్తిడితో వాటిలోకి వస్తుంది. నీరూ మలినమూ ఆ పల్చని గోడ దాటి వెళ్తాయి. ఎర్రకణాలు దాటవు. మాంసకృత్తులు దాటవు.

పోవలసినవి పోతాయి.

ఉండవలసినవి ఉంటాయి.

ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందో! ఆమె బతుకులో ఏ గుమ్మానికీ ఆ తెలివి లేకపోయింది. అమ్మ పోయింది. పెళ్ళయిన మరుసటేడే భర్త పోయాడు. మిగిలింది ఇదొక్కతే —

"నాది ఒకటి తీసి దీనికి పెట్టండి" అంది.

పరీక్షలు మొదలయ్యాయి. రక్తం కలిసింది. చెల్లెలు వార్డంతా చాటింది. "మా అక్క కిడ్నీ వస్తోంది. ఇక నాకూ దాని సణుగుడు పట్టుకుంటుంది, చూడండి!"

ఈ ఉదయం డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసింది.

"మూత్రంలో నురగ వస్తోందా అమ్మా?"

వస్తోంది. ఏళ్ళుగా వస్తోంది. బాత్రూం కడిగిన సబ్బుపొడి అనుకుంది. సబ్బు పోలేదేమోనని ఇంకో బకెట్టు నీళ్ళు కుమ్మరించేది.

సబ్బు కాదు. దాటకూడనివి గోడ దాటిపోతున్నాయి.

"మీవీ దెబ్బతిన్నాయమ్మా. మీది తీయడం కుదరదు."

ఊలయితే విప్పి మళ్ళీ అల్లుకోవచ్చు. ఈ ఉండలు ఒకసారి గట్టిపడితే అంతే. కొత్తవి పుట్టవు.

నొప్పి లేదు. చప్పుడు లేదు. చెప్పాపెట్టకుండా... ఆమెను విడిచిన వాళ్ళందరూ అలాగే వెళ్ళారు. ఇప్పుడు తన ఒంట్లోంచి కూడా.

ఉండవలసినవి పోతున్నాయి.

పోతున్నాయి.

"ఆపరేషన్ ఎప్పుడన్నారక్కా?"

యంత్రం తిరుగుతూనే ఉంది.

"అయిన మర్నాడే జగ్గెడు నీళ్ళు తాగుతా. గటగటా. మీదంతా ఒలకబోసుకుంటూ. నువ్వు ఆపావో, చూడు మరి!"

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. అక్క నోరు తెరిచింది.

చెల్లెలూ తెరిచింది — మంచు ముక్క పెడుతుందని.