పారిపోయే అవకాశమున్న టీచరు

నేను పారిపోతానని కంపెనీ భయం. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఒకే బడిలో, ఒకే గదిలో పాఠం చెబుతున్నాను. నాకు బదిలీ కూడా రాలేదు. అయినా, నా మూలంగా నిద్ర పట్టడం లేదన్నట్టుగా వాళ్లు కోర్టుకు దరఖాస్తు పెట్టుకున్నారు.

మా తమ్ముడు ఈ ఊళ్లో లిఫ్టులు బాగుచేసేవాడు. పోయిన చలికాలం ఒక లిఫ్టు వాడి మీదికి దిగి ప్రాణం తీసింది. లిఫ్టు కింది గుంటలోకి దిగేముందు కరెంటు తీయలేదని, తప్పు వాడిదేనని వాడు పనిచేసిన కంపెనీ తేల్చేసింది. వాడికి నేనూ, మా బాబాయీ తప్ప ఎవరూ లేరు. అందుకని దావా వేశాను. ఆ మాట నిజమేనా అని కంపెనీ మనుషులను ఒకసారి బోనులో నిలబెట్టి అడగాలి. నాకు కావలసింది అంతే.

నేనుండేది సరిహద్దుకు అవతల. విదేశంలో ఉండే మనిషి దావా వేసి ఓడిపోతే, ఎదుటి పక్షం తమ ఖర్చులు వసూలు చేసుకోవడం కష్టం కాబట్టి, ముందే కోర్టులో సొమ్ము కట్టించమని కోరవచ్చట. దాన్ని ఖర్చులకు పూచీ అంటారు. వాళ్ల దరఖాస్తు దానికే. వాళ్లు కోరినంత కట్టాలంటే నేను మా బడిని అమ్మాలి. అది నాది కాదు. కట్టకపోతే దావా అక్కడితో ఆగిపోతుంది, తప్పు తమ్ముడి పేరనే ఉండిపోతుంది.

దరఖాస్తు విచారణ రోజున కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మా బాబాయి తోడు వచ్చాడు.

"నువ్వు పారిపోవడమేంటే? ఆగిన బస్సు ఎక్కడానికే రెండుసార్లు ఆలోచిస్తావు," అన్నాడు.

మా లాయరమ్మ రొట్టె నములుతూ కాగితాలు తిరగేస్తోంది. "సగానికి తగ్గించినా మనకు కష్టమే టీచర్ గారూ. ఈ దేశంలో మీకు ఆస్తి ఏమైనా ఉందా?"

"తమ్ముడి సైకిలుంది. వెనక చక్రం లేదు."

"ముందుది కూడా అంతంతమాత్రమే," అన్నాడు బాబాయి.

ఆమె నిట్టూర్చింది. "నోటీసు మీకు సరిగానే అందింది కదా?"

"అందింది. అదే రోజు కంపెనీకి వచ్చిన కవరు కూడా నేనే తీసుకున్నాను."

"కంపెనీ కవరు మీరు తీసుకోవడమేంటి?"

"వాళ్ల హెడ్డాఫీసు మా బడి పక్క మేడే కదండీ. తలుపు మీద పేరు పలక ఉంటుంది, లోపల మనిషి ఉండడు. పోస్టుమ్యాన్ వాళ్ల ఉత్తరాలు మాకిచ్చి పోతాడు. నేను వాళ్ల తలుపు కిందనుంచి తోసేస్తాను."

లాయరమ్మ నమలడం ఆపింది. "హెడ్డాఫీసు మీ దేశంలో ఉందా? మనం ఇక్కడి బ్రాంచి మీద వేశాం!"

"పన్నులు తక్కువని అక్కడికి మార్చుకున్నారట. మీకు తెలుసనుకున్నాను."

"ఇన్నాళ్లూ ఒక్క ముక్క చెప్పలేదేమండీ?"

"మీరు అడగలేదు."

"దీనికి చిన్నప్పటి నుంచీ ఇదే జబ్బమ్మా," అన్నాడు బాబాయి. "ఇల్లు అంటుకున్నా సరే, ఎవరైనా లేపి అడిగేదాకా చెయ్యెత్తి కూర్చుంటుంది."

లోపల కంపెనీ లాయరు నూనె రాసినట్టున్న గొంతుతో మొదలుపెట్టాడు. నేనుండే చోట తీర్పు అమలు చేయించడం తన కక్షిదారుకు గగనమన్నాడు. "తెలియని దేశం, తెలియని కోర్టులు సార్..."

"తెలియకపోవడమేమిటి సార్?" మా లాయరమ్మ లేచింది. "వాళ్ల హెడ్డాఫీసు అక్కడే ఉంది. ఈవిడ బడి గోడ పక్కనే."

జడ్జి గారికి జలుబు. రుమాలు ముక్కు మీద నుంచి తీసి, "నిజమేనా?" అని అడిగారు.

"అది పేరుకు మాత్రమే సార్. అక్కడ పనేమీ జరగదు."

"పన్నులు లెక్కవేసేటప్పుడు మాత్రం జరుగుతుందా?"

కంపెనీ లాయరు మంచినీళ్లు తాగాడు. జడ్జి గారు నా వైపు తిరిగారు. "ఆ గోడ ఎత్తెంత అమ్మా?"

"పిల్లల బంతి దాటేంత సార్."

"అయితే తీర్పు కూడా దాటుతుంది," అని తుమ్మారు. "దరఖాస్తు కొట్టేస్తున్నాను. వచ్చే వాయిదాకు కంపెనీ సూపర్వైజరును సాక్ష్యానికి తీసుకురండి."

బయటికి రాగానే బాబాయి తన జీవితంలో మొదటిసారి టిక్కెట్టు లేనివాణ్ణి వదిలేసినంత దర్జాగా నవ్వాడు. లాయరమ్మ మిగిలిన రొట్టె సంచిలోంచి తీసి, మళ్లీ లోపల పెట్టేసింది.

"సూపర్వైజరును ముందు ఏమడగమంటారు?"

"తమ్ముడు కరెంటు తీశాడా లేదా అని."

"తీయలేదనే అంటాడు. రుజువులు కూడా చూపిస్తే?"

ఆ ప్రశ్న అడగనివ్వడం లేదనే ఇన్నాళ్లూ నా కోపం. జవాబు గురించి ఆలోచించే తీరిక ఆ కోపం నాకివ్వలేదు. తమ్ముడికి లెక్కలు చెప్పింది నేనే. వాడికి లెక్క వచ్చేది, కానీ తొందర. చివరి మెట్టు రాయకుండానే ఆటకు పరిగెత్తేవాడు.

బాబాయి నవ్వు ఆపి నన్ను చూస్తున్నాడు. "ఏమే, ఇంటికి పోదామా?" అని మెల్లగా అడిగాడు. ఏ ఇంటికో చెప్పలేదు.

"వద్దు బాబాయ్," అన్నాను. తర్వాత లాయరమ్మతో, "అయినా అదే అడగండి," అన్నాను.