పడని దెబ్బ

నేను ఒక కొయ్య సుత్తిని. మేకులు కొట్టే రకం కాదు, సభల్లో మాటలు ముగించే రకం. ఏటికొప్పాకలో బొమ్మలు చేసే అప్పలాచారి నన్ను లేత్ మీద తిప్పి, లక్క పూసి నున్నగా తీర్చాడు. బంగాళాఖాతం చుట్టూ ఉన్న నాలుగు దేశాల మత్స్య సంఘం నన్ను కొనుక్కుంది.

"అభ్యంతరం ఉందా?" అని అధ్యక్షుడు అడుగుతాడు. హాల్లో ఎవరూ పలక్కపోతే ఒప్పుకున్నట్టే. నేను ఠప్పున పడతాను. నాలుగు దేశాలకూ అదే చట్టం. ఆ హోదా చూసుకుని తెగ మిడిసిపడేవాణ్ని. సముద్రంలో ఆ చట్టాన్ని ఎవరూ లెక్కచేయరన్న సంగతి నా చెవిన పడలేదు మరి.

ఆ ఏడు సమావేశం విశాఖపట్నంలో. చేపలు గుడ్లు పెట్టే నాలుగు నెలలూ చిన్న పడవలు కూడా వేటకి పోకూడదన్నది తీర్మానం. అధ్యక్షుడు పొరుగు దేశపు సిరాజుల్ గారు. వెనక వరసలో పరిశీలకురాలిగా శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన సూరాడ పోలమ్మ కూర్చుంది. ఆమె కొడుకులిద్దరిదీ వేటే. అది ఆగితే ఇంట్లో పొయ్యి వెలగదు. పరిశీలకులంటే టీ తాగొచ్చు, నోరు తెరవకూడదు.

"అభ్యంతరం ఉందా?" నేను గాల్లోకి లేచాను.

"ఉంది బాబూ!" పోలమ్మ లేచి నిలబడింది.

"అమ్మా, మమ్మల్ని పంపింది మీరు ఎన్నుకున్న ప్రభుత్వాలే," అన్నారు సిరాజుల్ గారు దుబాసీ ద్వారా, ఓపిగ్గానే.

"ఓటేసినాం బాబూ, కాదన్ను. ఆ ఓటు అన్ని సేతులు మారి మీకాడికొచ్చేతలికి అందులో మావేటి మిగిల్నాం? మావూర్లో పడవలన్నీ ఒడ్డుకొచ్చేదాకా పెద్దలు తీరుపు సెప్పరు. ఏటకెల్లినోల్ల మాట ఇనాలి గదా! మావోల్లు ఇంకా సంద్రంలోనే ఉన్నారు. అవతలొడ్డోల్లూ ఉన్నారు. మీరెలా సెప్పేత్తన్నారు?"

నాకు ఒళ్లు మండిపోయింది. పడదామని తహతహలాడాను. సిరాజుల్ గారు మాత్రం నన్ను మెల్లగా బల్ల మీద పడుకోబెట్టారు.

"పడవలు రానివ్వండి," అన్నారు.

తీర్మానం వాయిదా పడింది. మరుసటేడు నాలుగు తీరాల జాలర్లూ ముందు వరసలో కూర్చున్నారు. వాదులాడుకున్నారు, అరుచుకున్నారు. చివరికి నిషేధం రెండు నెలలకి కుదిరింది, ఆ రెండు నెలలూ ఇంటింటికీ బియ్యం ఇవ్వాలన్నారు. పోలమ్మ కూడా సరేనని చెయ్యెత్తింది. అప్పుడు పడ్డాను. ఆ కట్టుబాటును ఒక్క పడవా దాటలేదు.

ఇప్పుడు బీట పడి, సంఘం కార్యాలయంలో అద్దాల బీరువాలో ఉన్నాను. నా చోటికొచ్చిన కొత్త సుత్తి బాగానే మోగుతుంది. దాన్ని ఎత్తేముందు అభ్యంతరం ఉందా అని ఇప్పుడెవరూ అడగరు. అధ్యక్షుడు ఏ దేశంవాడైనా హాలంతా ఒకసారి కలియజూసి, తన భాషలో అడుగుతాడు.

"పడవలన్నీ వచ్చాయా?"