పదిహేను నిమిషాల బూట్లు

"పిల్లలు బూట్లు వేసుకోవడానికి పదిహేను నిమిషాలా? అది చూస్తూ కూర్చున్నందుకు నీకు జీతం కూడానా?" అన్నాడు భర్త, ఆమె తెచ్చిన బడి దినచర్య కాగితం చేతిలో పట్టుకుని. "దానికేంరా, రోజంతా ఆటలే" అని అత్తగారు వంత పాడింది. ఆమె అప్పటికి ఆయన తిన్న కంచం తీసి, అత్తగారి మాత్రలు చేతిలో పెట్టి, మర్నాటి బట్టలకి ఇస్త్రీ చేస్తోంది. జవాబు చెప్పడం కూడా ఒక పనే, దానికి ఆ పూట ఓపిక లేదు.

అసలు ఆ కాగితం తెచ్చింది వేరే సంగతి కదపడానికి. మూడేళ్ళ పిల్లల తరగతి ఇక పూర్తిగా నువ్వే చూసుకో అని పెద్ద టీచర్ అడిగింది. ఎనిమిదేళ్ళుగా ఆయమ్మకి ఎక్కువ, టీచరుకి తక్కువగా నలిగిన మనిషికి అది చిన్న సంగతి కాదు. కాకపోతే నాలుగింటికి బదులు ఆరింటిదాకా ఉండాలి. శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పాలి. ఆ మాట అంటే ఆయన తలెత్తకుండానే "మరి అమ్మకి మందులు, నాకు టీ ఎవరిస్తారు?" అన్నాడు. ఆయన అయిదింటికల్లా ఇంట్లో ఉంటాడు. ఆ సంగతి ఆ గదిలో ఎవరికీ గుర్తు రాలేదు, ఆమెకి కూడా.

శుక్రవారం పొద్దున పిల్లలు ఆటకి బయటికెళ్ళే వేళ. బూట్ల అర ముందు పదకొండు మంది చతికిలబడ్డారు. పిల్లలు చేసుకోగలిగిన పని మనం చేయకూడదు, చేతులు ఊరుకోకపోతే వెనక్కి కట్టుకో అని ఆమె చేరిన రోజే పెద్ద టీచర్ చెప్పింది. వినడానికి తేలికే. కుడి బూటు ఎడమ కాలికి మూడోసారి తొడుక్కుంటున్న బిడ్డని చూస్తూ ఊరుకోవాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది.

అందరికంటే ఆలస్యం 'నేనే పాప'ది. అన్నిటికీ "నేనే, నేనే" అంటుందని టీచర్లు పెట్టుకున్న పేరు. ఆమె ఆ పాప ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"నా నీలం చొక్కా ఏదీ?" భర్త.

"బీరువాలో. రెండో అర, ఎడం పక్క, తువ్వాళ్ళ కింద" అంది, ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి. మనసు ఆ బీరువాలో ఉండగానే చేతులు వాటి అలవాటు అవి కానిచ్చేశాయి. చూస్తే పాప కాళ్ళకి రెండు బూట్లూ ఉన్నాయి, పట్టీలతో సహా.

పాప తన కాళ్ళ వంక చూసుకుంది. పెదవి వణికింది. ఏడుస్తుందనుకుంటే ఏడవలేదు. పట్టీలు చర్రున లాగి, రెండూ ఊడబీకి అవతల పారేసి, "నేనే" అంది. మళ్ళీ పాక్కుంటూ వెళ్ళి తెచ్చుకుని మొదటి నుంచి మొదలుపెట్టింది.

ఆమె చేతులు వెనక్కి కట్టుకుంది. కోపం వచ్చింది, పాప మీద కాదు. పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఒక్కనాడైనా ఆ ఇంట్లో ఎవరైనా "ఉండు, నేనే చేసుకుంటాను" అన్నారా? అన్నీ తొడిగించుకుని, పైగా తొడిగేదాన్ని చూసి నవ్వారు. అత్తగారు తొడిగి తొడిగి అలిసిపోయి కొడుకుని ఈమెకి అప్పజెప్పింది, ఈమె నోరెత్తకుండా అందుకుంది. మూడేళ్ళ పిల్లకి పదిహేను నిమిషాలు ఇవ్వడం చేతనయింది గానీ, నలభై రెండేళ్ళ మనిషికి బీరువా ముందు రెండు నిమిషాలు ఇవ్వాలని ఎన్నడూ తోచలేదు. ఇంత అలసట ఎందుకో ఇన్నాళ్ళూ అర్థం కాలేదు. నిద్రపోయి లేచినా పోని అలసట అది.

ఫోను మళ్ళీ మోగింది. "కనపడలేదు."

"వెతకండి, దొరుకుతుంది."

"సరిగ్గా ఎక్కడో చెప్పొచ్చుగా?"

"చెప్పాను. ఇక మీరే వెతుక్కోండి" అని, పిల్లలతో మాట్లాడే నిదానంతోనే చెప్పి పెట్టేసింది.

పాప లేచి నిలబడింది. బూట్లు తారుమారుగానే ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. పిల్లలని బయటికి నడిపిస్తూ, గుమ్మంలో ఉన్న పెద్ద టీచర్‌తో ఆమె "వచ్చే నెల నుంచి ఆరింటిదాకా ఉంటానండీ" అంది.

సాయంత్రం ఆ మాటే ఇంట్లో చెప్పింది. భర్త ఒంటిమీద నీలం చొక్కా ఉంది. అత్తగారు కొడుకు వంక చూసింది.

"వేళాకోళమా? నాకు టీ పెట్టడం రాదని తెలుసుగా" అన్నాడాయన నవ్వుతూ.

ఆమె వంటింటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుంది.

"ఫరవాలేదు, పెట్టండి. పదిహేను నిమిషాలు చాలకపోతే ఇంకా తీసుకోండి."