సాంపిల్ చీటీ

బీదర్ ధాన్యం గంజ్‌లోని గోపాల్‌రావు పప్పుల దుకాణం నుంచి హైదరాబాదుకు ఏ సాంపిల్ పొట్లం పోయినా, దానికో పసుపు చీటీ గుచ్చాల్సిందే. అందులో రెండే గడులు: గుణం, లోపం. కందిపప్పులో తేమ ఉందా, నూక ఎక్కువైందా, ఉన్నదున్నట్టు లోపం గడిలో రాయాలి. ఇరవై ఏళ్లలో ఒక్క లోడూ వాపసు రాలేదంటే ఆ చీటీ చలవేనని ఆయన మీసం మెలేస్తాడు. సరే, మెలేసుకోనీండి. కానీ మేనల్లుడు ఉద్యోగానికి రాసుకున్న ఉత్తరంలో వేలు పెట్టడమేమిటండీ?

హైదరాబాదులో సందుకో కంపెనీ తెరుస్తున్న రోజులవి. గోపాల్‌రావు ఇంట్లోనే ఉండి చదివిన ప్రణయ్, డిగ్రీ పాసైన ఏడాదిలో పదకొండు కంపెనీలకు రాశాడు. ఒక్కటీ పలకలేదు. ఈ పన్నెండోదీ పలక్కపోతే దసరా నుంచి కాంటా దగ్గర కూర్చోవాల్సిందేనని మామ తేల్చి చెప్పాడు. కాంటా పేరెత్తితేనే ప్రణయ్‌కి ఏడుపొచ్చేది. పప్పు దుమ్ముకి తుమ్ములు ఆగవు మరి.

అందుకే నెట్ సెంటర్లో రెండు గంటలు కూర్చుని ఉత్తరాన్ని దివ్యంగా తయారుచేశాడు. తాను కష్టజీవినని, మహా చురుకైనవాణ్ణని, పుట్టుకతోనే నాయకుణ్ణని. మామ దాన్ని తెలుగులో చెప్పించుకుని విన్నాడు.

"అంత గుణమేనా? లోపమేది?"

"ఉద్యోగం కాయితంల లోపం ఎవరన్న రాస్తరా మామా?"

"లోపం లేదంటే కొనేటోడు నమ్మడు బిడ్డా. పొద్దుగాల నిన్ను లేపలేక మీ అత్త గొంతు పోతాంది. నువ్వు చురుకైనోనివా?"

లోపల లీలత్త కిసుక్కున నవ్వింది. ప్రణయ్ మూతి ముడుచుకుని, కవరు అంటించకుండానే స్నానానికి పోయాడు. వచ్చేసరికి మామే దాన్ని కొరియర్‌లో వేసొచ్చాడు.

"ఇయ్యాల్నే ఆఖరి తారీఖు గద" అన్నాడు, ఎటో చూస్తూ.

పది రోజులకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. ప్రణయ్ కాళ్లు నేలమీద ఆగలేదు.

హైదరాబాదులో రష్మి అనే మేడం అతని ఫైలు తెరిచింది. ఉత్తరానికి గుండుసూదితో గుచ్చి పసుపు చీటీ! కింద దుకాణం ముద్ర కూడాను. ప్రణయ్‌కి అక్కడికక్కడే మాయమైపోతే బాగుండుననిపించింది.

మేడం తీరిగ్గా పైకే చదివింది. "గుణం: లెక్కల్లో గట్టి. చేతివాటం లేదు. లోపం: రాత్రంతా కంప్యూటర్ ముందు మేలుకుంటాడు. పొద్దున ఎనిమిది దాకా లేవడు. నచ్చకపోతే వాపసు పంపవచ్చును, కిరాయి మాదే." తలెత్తి అడిగింది. "ఇది నిజమేనా?"

అబద్ధమని చెప్పేయడానికే నోరు తెరిచాడు. కానీ ముద్ర కళ్లెదుటే ఉంది. ఇరవై ఏళ్లుగా ఎవరూ వేలెత్తి చూపని ముద్ర. ఛీ నా బతుకు, అనుకున్నాడు.

"తప్పు రాసిండు మేడం. ఎనిమిది కాదు, పది."

గంట తర్వాత బయటికొచ్చి, బూత్ నుంచి దుకాణానికి ఫోన్ చేశాడు. మామని కడిగిపారేయాలని ఎన్ని మాటలు కూడబెట్టుకున్నాడో! మొదటి గంటకే ఫోనెత్తిన ఆయన, అతన్ని నోరు తెరవనిస్తేగా.

"ఏమాయె బిడ్డా? వాపస్ పంపుతుండ్రా?"

"లేదు మామా, ఉంచుకుంటుండ్రు. పరదేశపోళ్ల పనంట, అంతా రాత్రి డ్యూటీనే. కానీ నీ చీటీల మేడం తప్పు పట్టింది."

"నా చీటీల తప్పా!"

"అవును. లోపం కాడ రాసింది గుణం కాడ రాయాల్నంట."